కూడు పంచుకున్నట్టు సూదులు పంచుకున్నాం

సుఖరోగం అని దీనికి పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు ఎప్పుడన్నా ఎదురుపడితే, పీట వేసి కూర్చోబెట్టి ఒక మాట అడగాలని ఉంది. నాయనా, ఇందులో సుఖం యాడుంది, నాక్కూడా కాస్త చూపించు అని. అరచేతుల నిండా రాగి దమ్మిడీల్లాంటి మచ్చలు, దువ్వెన పెడితే పిడికెడు వెంట్రుకలు, మింగితే గొంతులో ముల్లు, పొద్దుగూకితే సన్న జ్వరం. సుఖమంతా వచ్చినవాళ్ళు మూట కట్టుకపోయి, రోగాన్ని మాత్రం మా ఇంట్లో మర్చిపోయి పోయినట్టుంది.

నా పేరు చెన్నమ్మ. మార్కాపురంలో స్టేషనుకు పోయే బాట మీద మా ఇల్లు. నేను చేసే పని ఏందో ఊరందరికీ తెలుసు, పగటిపూట మాత్రం ఎవరికీ తెలియదు. ఈ బతుకులోకి ఎట్ల వచ్చినావమ్మా అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది గడప దాటి లోపలికి వచ్చినాకే అడుగుతారు, అందుకని నేను జవాబు చెప్పను. ఇప్పుడూ చెప్పను. చదువు నాలుగో తరగతితో సరి. పలకలు చేసే ఊర్లో పుట్టి పలక మీద నాలుగు అక్షరాలు కుదురుగా దిద్దలేకపోయినానని మా అయ్యవారు తల బాదుకునేవాడు. ఇందులో తప్పులుంటే ఆయన్నే అడగండి.

బతికినాను కాబట్టి రాస్తున్నాను. నాలాంటి పనిలో ఉన్న అక్కచెల్లెళ్ళు ఎవరన్నా చదివించుకొని వింటారేమోనని రాస్తున్నాను. ఆ రోజుల్లో నా కడుపులో బిడ్డ ఉండింది. ఆ బిడ్డ దక్కిందా లేదా అనేది మాత్రం ఇప్పుడే చెప్పను. ముందే చెప్తే మీలో సగంమంది ఇక్కడే లేచిపోతారు. కావలసింది దొరగ్గానే లేచిపోయేవాళ్ళను నేను చానా మందిని చూసినాను.

శివరాత్రి దాటిన రోజులు

మా ఇంట్లో ముగ్గురం. ఇల్లు ఓబులక్కది. వయసులో పెద్దది, నోరు అంతకన్నా పెద్దది. ఇంకొకతె మరియమ్మ. రాచర్ల దగ్గర పల్లె. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర విడిచి వచ్చింది. ఆదివారం వస్తే తలమీద కొంగు కప్పుకొని ప్రార్థనకు పోయి, ఆఖరి వరసలో కూర్చొని, అందరికన్నా ముందే లేచి వచ్చేది.

ఓబులక్క ఇంట్లో ఒకటే చట్టం. పంపకం. ఎవరికి ఏం వచ్చినా ఇత్తడి తట్టలో పడాల్సిందే, మూడు పాళ్ళు కావాల్సిందే. మామిడిపండు వస్తే మూడు ముక్కలు, టెంక వంతులవారీగా. ఒకతె మంచాన పడితే మిగతా ఇద్దరి కూటిలోనే ఆమె పాలు. "మనకు ముందర ఎవరూ లేరు, ఎనకా ఎవరూ లేరు. మనకు మనమే" అనేది. కరువు సంవత్సరాల్లో పెద్ద పెద్ద ఇళ్ళల్లో అన్నదమ్ములు వేరుపడినారు. మా పొయ్యి మాత్రం ఒక్కటే.

మచ్చలు మొదట నాకే తేలినాయి. అంతకు ముందెప్పుడో ఒక పుండు లేచి, నొప్పి లేకుండా, దానంతట అదే మానిపోయి ఉండింది. అదే ఈ రోగానికి దొంగబుద్ధి. నొప్పి పెడితే మనిషి మందుకు పరుగెత్తుతాడు గదా, అందుకని నొప్పి పెట్టదు. ఓబులక్క నా చేతులు తిప్పి చూసి, "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నది. తాగినాను. మచ్చలకు మజ్జిగ బాగా పడినట్టుంది, ఇంకొన్ని లేచినాయి.

పల్లెల్లో తిరిగే నాటువైద్యుడు ఒకాయన పాదరసం కలిపిన మాత్రలిచ్చినాడు. ఉప్పు లేని కూడు తినమన్నాడు. మూడోనాటికి నోరంతా వాచి, పళ్ళు కదిలి, చొంగ కారబట్టింది. మాట పెగల్లేదు. నేను అన్ని దినాలు నోరు మూసుకొని ఉండడం మా వీధి ఎప్పుడూ చూడలేదు. ఎదురింటి అవ్వ వచ్చి, "ఆ వైద్యునిది ఏ ఊరో చెప్పే ఓబులమ్మా, మా కోడలికి కూడా ఇప్పిస్తా" అన్నది.

ఆ వాపులోనే తెలిసింది, నెల తప్పిందని.

నాకు అంతకు ముందు రెండు కాన్పులు. మొదటిది నెలలు నిండకుండా, కదలకుండా వచ్చింది. రెండోవాడు బతికే పుట్టినాడు. అరచేతుల తోలు, అరికాళ్ళ తోలు ఊడిపోతా ఉండింది. ఏడిస్తే పిల్లికూన ఏడ్చినట్టు. ముక్కు మూసుకపోయి పాలు తాగలేకపోయినాడు. ఇక్కడ నాకు హాస్యం రాదు. దాటి పోతాను.

ఆ రెండుసార్లూ ఓబులక్క అమ్మవారికి కోపమన్నది, మేకపోతును మొక్కుకున్నది. ఈసారి మాత్రం మరియమ్మ ఆదివారం ప్రార్థన నుంచి చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చింది.

"అక్కా, పాస్టరమ్మను అడిగినా. ఇట్ల మచ్చలొచ్చి బిడ్డలు దక్కని వాళ్ళకు కర్నూలు పెద్దాసుపత్రిలో సూదులేస్తారంట. కొత్త మందంట. బిడ్డలు నిలుస్తారంట."

"నా పేరు చెప్పినావామే?"

"లేదు. ఎవరో చుట్టాలమ్మాయి అన్నా. ఆమె ఒక్క మాట అడగలే. ప్రయాణంలో తినమని రొట్టె చుట్టి ఇచ్చింది, నీ చుట్టాలమ్మాయికి ఇయ్యి అని."

పాస్టరమ్మకు అంతా తెలుసు. తెలిసి కూడా అడగకుండా ఉండడం ఎంత పెద్ద మర్యాదో, మమ్మల్ని రోజూ పదిమంది అడుగుతారు కాబట్టి మాకు తెలుసు.

ఉగాది పోయినాక

నేనూ మరియమ్మా రైలెక్కినాం. కంభం, గిద్దలూరు దాటి, కొండల్లో చీకటి గుహల్లోంచి దూరి నంద్యాలలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. కర్నూలు అప్పుడు రాజధాని. కొత్త రాష్ట్రం, కొత్త రాజధాని అని ఊర్లో రేడియో వినే పెద్దమనుషులు గొప్పగా చెప్పుకుంటా ఉంటే, నేనేదో మేడలు ఉంటాయనుకున్నా. యాడ చూసినా డేరాలు. ఆఫీసులు డేరాల్లో, బంట్రోతులు డేరాల ముందర.

"చూసినావా మరియమ్మా, సర్కారుకే ఇల్లు లేదు. మనకు నయం, పెంకుటిల్లన్నా ఉంది" అన్నాను. వాచిన నోటితో అది నా మొదటి నవ్వులాట. మరియమ్మ నవ్వలేదు. అది రొట్టె మూట పట్టుకొని ముందుకు నడిచింది.

ఆసుపత్రిలో సుఖరోగాల గది యాడ అని అడిగితే ఒక్కడికీ తెలియదు. "మాకేం తెలుసమ్మా" అంటారు. అంటూనే అందరూ ఒకే వైపు చెయ్యి చూపిస్తారు. అట్ల ఆ చేతుల వెంబడి పోతే చివరి వరండా వచ్చింది.

అక్కడ గోడవారగా ఒక బల్ల. దాని మీద ఒకాయన ముఖమంతా తువ్వాలు చుట్టుకొని, కళ్ళు మాత్రం బయటపెట్టి కూర్చున్నాడు. కిర్రు చెప్పులు చూసి గుర్తుపట్టినాను. గిద్దలూరు వైపు పెద్దమనిషి. మా బాట మీద ఆ చెప్పుల చప్పుడు తెలియనివాళ్ళు లేరు.

"అన్నా, ముఖానికి చుట్టినావు బాగానే ఉంది, చెప్పులకు కూడా ఒక గుడ్డ చుట్టాల్సింది" అన్నాను.

తువ్వాలు లోపలి నుంచి, "నేను మా బావమరిది కోసం వచ్చినా" అన్నాడు.

"ఆయన బదులు సూది కూడా నువ్వే వేయించుకుంటావా?"

మరియమ్మ అప్పుడు నవ్వింది. ఆయన ఉడుక్కుంటాడనుకున్నా. కాసేపటికి ఎండ వరండాలోకి వచ్చి నాకు కళ్ళు తిరిగినాయి. ఎవరో గోలీసోడా తెచ్చి చేతిలో పెట్టినారు. తల ఎత్తితే తువ్వాలు. "తాగమ్మా, కడుపుతో ఉన్నట్టున్నావు" అని బల్ల నాకు విడిచిపెట్టి, తన వంతు వచ్చేదాకా ఎండలోనే నిలబడినాడు. ఆయన పేరు రాయను. ఆ సోడా రుణం కింద అది మాఫీ.

లోపల సిస్టరమ్మ. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది, చూపు మాత్రం కత్తి. డాక్టరుగారు చూసి, రక్తం తీయించి, సవాయి రోగమని, ఇంగ్లీషులో సిఫిలిసని తేల్చినాక, మిగతాదంతా ఆమే చెప్పింది.

"ఇంతకు ముందు పిల్లలున్నారామ్మా?"

ఏదో ఒకటి నవ్వులాటగా చెప్దామని నోరు తెరిచినాను. రెండు వేళ్ళు చూపించి, మళ్ళీ మూసేసినాను.

ఆమె రాసుకునేది పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. మచ్చలున్న చెయ్యి. మా ఇంటికి వచ్చేవాళ్ళు కూడా ఆ రోజుల్లో ఆ చెయ్యి ముట్టుకోలేదు. "అది శాపం కాదు, నీ తప్పూ కాదు. రక్తంలో ఉన్న రోగం బిడ్డకు పాకింది. ఈసారి దాన్ని ముందే చంపేద్దాం. నువ్వు సూదులన్నీ వేయించుకో, మిగతాది నేను చూస్తాను" అన్నది.

అక్కడే ఉండి వేయించుకొమ్మన్నది. నేను ఉండలేనన్నాను. మొదటి సూది వేసి, మిగతా సీసాలు కాగితంలో చుట్టి ఇచ్చి, సూది వేయడం తెలిసినవాడి చేత రోజు విడిచి రోజు వేయించుకొమ్మన్నది. ఒక్కటి కూడా తప్పొద్దు అని రెండుసార్లు చెప్పింది. ఆ సూది సంగతి చెప్పాలా? నంద్యాల దాకా బస్సులో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నా. కండక్టరు నా పక్కనున్నాయనను "సర్దుకో" అని కసిరినాడు.

ఎండలు ముదిరినప్పుడు

మా బాట మీదే రత్నం అని ఒక కాంపౌండరు ఉండేవాడు. పట్నంలో ఎక్కడో పనిచేసి వచ్చి సొంతంగా మందుల దుకాణం పెట్టుకున్నాడు. సీసాల మూట విప్పంగానే ఓబులక్క మూడు కుప్పలు పెట్టింది.

"ఇవి ఒక మనిషికి ఇచ్చినవి ఓబులమ్మా" అన్నాడు రత్నం.

"మా ఇంట్లో ఒక మనిషికి అని ఏదీ లేదు. నా మచ్చలు చూడు. నా జుట్టు చూడు, ఎలుక కొరికిన చీపురు మాదిరి ఉంది. ఈ మరియమ్మకు నిన్నగాక మొన్న పుండు మానింది. ముగ్గురికీ రోగముంటే ఒక్కదానికే మందా? అదేం న్యాయం?"

"ఒక్కటి కూడా తప్పొద్దన్నది సిస్టరమ్మ" అన్నాను నేను.

"యాడ తప్పినాయే? ఇంట్లోనే ఉన్నాయి గదా!"

మరియమ్మ తన కుప్ప నా వైపు నెట్టింది. "చెన్నక్కకు బిడ్డ ఉంది. నాది కూడా దానికే వేయండి."

నేను తిరిగి నెట్టినాను. ఒకే పొయ్యి మీద ఉడికింది తిన్నవాళ్ళం, దాని పాలు నేను మింగి ఎట్ల నిద్రపోతా? రత్నం ఇంకేదో అనబోయినాడు. ఓబులక్క, "నిన్ను పిలిచింది సూదికా, పంచాయతీకా?" అన్నది. పాపం ఆయన సూది ఉడకబెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి మా మచ్చలు మాయం. గొంతు బాగైంది. ఓబులక్క బెల్లం పాయసం వండి, తట్టలో మూడు పాళ్ళు పోసి, "చూసినారా, మందు కూడా పంచుకుంటేనే పని చేస్తుంది" అన్నది. నేను పొట్ట మీద చెయ్యి వేసుకొని, నీ పాలు కూడా ఉందిలేరా అనుకున్నా. ఆ రోజు మేం ముగ్గురం ఎంత సంతోషంగా ఉన్నామో చెప్పలేను. లోకంలో ఎవరూ చేయని న్యాయం మేం చేసినామని మాకు గర్వం.

తొలకరి పడినాక

రక్తం మళ్ళీ చూస్తాం, రమ్మని సిస్టరమ్మ చెప్పి ఉండింది. ఈసారి ఓబులక్క కూడా బయలుదేరింది, ఆ మంచిమనిషికి దండం పెట్టి వస్తానని. ఒక బుట్ట నిండా చింతకాయ తొక్కు, వడియాలు.

రక్తం చూసి వచ్చిన సిస్టరమ్మ ముఖం మారిపోయి ఉంది. "తగ్గాల్సినంత తగ్గలేదమ్మా. సూదులు ఎక్కడైనా తప్పాయా?"

నేను నోరు తెరిచేలోపల ఓబులక్క ముందుకు వచ్చింది. "తప్పడమా తల్లీ! నేను దగ్గర కూర్చోని వేయించినా. న్యాయంగా పంచినా. చిన్నా పెద్దా చూడకుండా ముగ్గురికీ సమానంగా."

సిస్టరమ్మ బల్ల మీద కూర్చోని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని, ఆ కళ్ళతోనే తిట్టడం మొదలుపెట్టింది. అంత మెత్తటి మనిషి అంత గట్టిగా తిడుతుందని నేననుకోలే.

"ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. తలా ఒక దెబ్బ వేసి వదిలేశారు. వాడు చచ్చాడా? అటకెక్కి కూర్చున్నాడు. మచ్చలు పోతే రోగం పోయినట్టు కాదు. మందు వేయకపోయినా మచ్చలు పోతాయి, ఆ తర్వాత ఏళ్ళకు గుండెకో మెదడుకో వస్తుంది. అన్నం పంచుకోండి, చీరలు పంచుకోండి, మీ ఇష్టం. మందు మాత్రం ఎవరి మోతాదు వాళ్ళకు నిండుగా పడాలి."

ఓబులక్క చేతిలో బుట్ట కిందికి దిగింది. నేనడిగినాను.

"నా బిడ్డ?"

సిస్టరమ్మ గొట్టం పొట్టకు ఆనించి చానా సేపు విన్నది. ఆ చానా సేపు ఎంతసేపో నాకు తెలియదు. బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు, పిచ్చుక ఒకటి కిటికీ మీద ఎగురుతున్నది, అవన్నీ గుర్తున్నాయి.

"గుండె కొట్టుకుంటోంది. ఇంకా టైముంది. కానీ దుబారా చేయడానికి లేదు. ఈసారి ఎవరూ ఊరికి పోరు. ముగ్గురూ ఇక్కడే."

అట్ల మేం రాజధానిలో కాపురం పెట్టినాం, ఒక సత్రం వరండాలో. పొద్దున లేచి ముగ్గురం ఆసుపత్రికి కుంటుకుంటా పోవడం, కుంటుకుంటా రావడం. మొదటి దినం నుంచి ఓబులక్క ఎవరికి ఏ పక్క సూది పడిందో గుర్తుపెట్టుకొని, ఆ పక్క కాకుండా పడుకోబెట్టేది. రాత్రి నేను ఏడ్చినానని తెలిస్తే పొద్దున కొంచెం ఎక్కువ తిట్టేది. అది దాని క్షమాపణ. నాకు ఆ భాష వచ్చు.

ఆ సత్రంలో కూర్చోబెట్టి సిస్టరమ్మ, డ్యూటీ అయినాక ఒకసారి వచ్చి, మిగతా సంగతులు చెప్పింది. మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. లాంతరు వత్తి పెంచి, వచ్చినవాడి మీద పుండ్లున్నాయేమో చూసి రానిచ్చేవాళ్ళం. మేం చానా తెలివైనవాళ్ళం అనుకునేవాళ్ళం. "చూడడం మంచిదే, కానీ చర్మం శుభ్రంగా ఉండి రక్తంలో రోగం ఉన్నవాళ్ళే ఎక్కువ. లాంతరుకు రక్తం కనపడదు" అన్నది. రబ్బరు తొడుగులుంటాయి, సిపాయిలకు పటాలంలోనే ఇస్తారు, పెద్ద మందుల దుకాణాల్లో దొరుకుతాయి, అది లేకుండా ఎవర్నీ రానివ్వొద్దు అన్నది. పుండున్నా లేకున్నా అప్పుడప్పుడు వచ్చి రక్తం చూపించుకోండి అన్నది. చివరకు నా వైపు తిరిగి, "ఎప్పుడూ వచ్చే మనిషి ఎవరైనా ఉన్నారా? అతనికీ వేయకపోతే నీకు మళ్ళీ వస్తుంది. బిడ్డకూ వస్తుంది" అన్నది.

ఉన్నాడు. అదే వచ్చిన చిక్కు.

శ్రావణం, భాద్రపదం

కాశయ్య బండి తోలేవాడు. పలకల పెట్టెలు మార్కాపురం నుంచి స్టేషనుకు చేరవేయడం ఆయన పని. పెండ్లాం పోయినాక వేరే పెండ్లి చేసుకోలే. నా కడుపులో బిడ్డ తనదే అని ఊరందరి ముందూ చెప్పుకున్న మొండివాడు. అట్లాంటివాణ్ణి గడప బయట నిలబెట్టి సంగతి చెప్పినాను.

"నాకేం రోగం? ఎద్దు మాదిరి ఉన్నా."

"ఎద్దుకు కూడా సూదులేస్తారు కాశయ్యా, నీ ఎద్దుకు గాలికుంటు వస్తే నువ్వే పోయి డాక్టరును పిలుచుకొని వచ్చినావు."

"ఆడదాని మాట విని సూదులేయించుకునేవాణ్ణి కాదు. ఆ తొడుగూ గిడుగూ నాతోని కాదు."

"పలకలకు గడ్డి చుట్టకుండా పెట్టెలో పెడతావా నువ్వు? స్టేషను చేరేసరికి ఎన్ని పగుల్తాయి? పలకకు ఉన్న విలువ నాకు లేదా? దీనికి లేదా?" అని పొట్ట చూపించినాను.

మూతి ముడుచుకొని బండెక్కి పోయినాడు. తలుపు వేసి గడియ పెట్టినాను. ఆయన రాకపోతే నాకు దిక్కు ఎవరు అని ఒక పక్క, వస్తే నా బిడ్డ గతి ఏమని ఒక పక్క. ఓబులక్క తలుపుకు చీపురు ఆనించి, "వస్తే నేను చూసుకుంటా, నువ్వు పండుకో" అన్నది.

రక్తం బాగైందని తేలేదాకా ముగ్గురం పని మానుకున్నాం. మరి కూడు? మా తట్ట ఎప్పుడూ ఖాళీ కాలేదు, ఎందుకంటే ముగ్గురిలో ఒకతెన్నా సంపాదించేది. ఇప్పుడు ముగ్గురమూ కూర్చుంటే తట్ట కూడా కూర్చున్నది. అప్పుడు పలకల కార్ఖానా మేస్త్రీ ఒకడు మనిషిని పంపినాడు, పలకలు నీళ్ళతో రుద్ది నునుపు చేసే పనుంది, ముగ్గురూ రండి అని. మాకు ఎవరూ పని ఇవ్వరని తెలుసు. ఎవరు చెప్పినారని అడిగితే మేస్త్రీ నీళ్ళు నమిలినాడు. కాశయ్య. మూతి ముడుచుకొని పోయినవాడే, బండి దిగకముందే పోయి చెప్పినాడంట. రోగం లేదంటాడు, సూది వద్దంటాడు, నా పొట్ట మాత్రం మాడకూడదు. ఇట్లాంటివాణ్ణి తిట్టాలా, దండం పెట్టాలా?

కార్ఖానాలో మొదట్లో ఆడవాళ్ళు మాకు దూరంగా కూర్చునేవాళ్ళు. నోరు ఊరికే ఉంచలేను గదా. మేస్త్రీ నడకను, గుమాస్తా దగ్గును అనుకరించి చూపిస్తే ఒకరొకరే జరిగి దగ్గరికి వచ్చినారు.

వినాయకచవితి పోయినాక ఒక దినం, కార్ఖానా ముందర కాశయ్య బండి వచ్చింది. మనిషి బండి మీద కూర్చోలేదు. నిలబడి తోలుతున్నాడు, పగ్గాలు పట్టుకొని, ఏదో రథం తోలినట్టు. ఊరంతా చూస్తున్నది.

"ఏం కాశన్నా, నిలబడినావు?" అని గుమాస్తా అడిగినాడు.

"సెగ్గడ్డ లేచింది."

"రెండు పక్కలా?"

కాశయ్య నా వైపు చూసినాడు, గుమాస్తా వైపు చూసినాడు, ఎద్దుల్ని అదిలించినాడు. చెప్పకుండా కర్నూలు పోయి, రక్తమిచ్చి, మొత్తం సూదులు వేయించుకొని వచ్చినాడు. పలక రుద్దేవాళ్ళంతా పడీ పడీ నవ్వినారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా. వాళ్ళు నవ్వాపుకుంటున్నా అనుకున్నారు.

కార్తీకంలో

నాకు నెలలు నిండేసరికి రాజధాని కూడా మూటా ముల్లే సర్దుకొని హైదరాబాదు పోయింది. కర్నూలులో డేరాలు పీకేసిన గుంటలు మిగిలినాయి. "నువ్వు వచ్చినావు, సర్కారు పారిపోయింది" అన్నది ఓబులక్క. కాన్పు ఇక్కడే కావాలని సిస్టరమ్మ పట్టు.

వార్డులో నా పక్క మంచం ఆమె, ఎవరో నా సంగతి చెవిలో వేసినట్టున్నారు, మొదటి దినమే అటు తిరిగి పడుకుంది. ఆమెకు కొడుకు. వాడి ఊయల కూడా అవతలికి జరిపించుకుంది. పాతవన్నీ గుర్తుకొచ్చి, పొట్ట పట్టుకొని నేనూ ఇటు తిరిగి పడుకున్నాను.

నొప్పులు పడినంతసేపూ సిస్టరమ్మ చెయ్యి పట్టుకొనే ఉన్నాను. బిడ్డ వచ్చింది. ఏడ్చింది. పిల్లికూన ఏడుపు కాదు. నేను మొదట "అరచేతులు చూపించండి" అన్నాను, ఆడా మగా కూడా అడగలే. సిస్టరమ్మ చిన్న చేతులు విప్పి, కాళ్ళు విప్పి, వెలుగులో పట్టి చూపించింది. నున్నగా ఉన్నాయి. ఆడపిల్ల.

"ఇప్పుడే సంబరపడొద్దు. రక్తం కూడా చూద్దాం" అన్నది. ఆ మాట మంచిదే, కానీ ఆ నాలుగు దినాలు నేను బిడ్డను ఎత్తుకోవడానికి కూడా భయపడినాను. ఎత్తుకుంటే నాదైపోతుంది గదా. మరియమ్మ ఊర్లోనే ఉండి కాశయ్యకు ఇంత వండి పెడుతున్నది. ఓబులక్క నా మంచం కింద చాప వేసుకొని, బిడ్డ తుమ్మితే లేచి కూర్చునేది.

రక్తం సంగతి మధ్యాహ్నం వచ్చింది. వార్డంతా అన్నాలు తిని కునుకు తీస్తున్నది. సిస్టరమ్మ నడిచి వస్తున్నది. ఆమె అడుగులు చూసి నాకు అర్థమైంది. కాళ్ళు అంత తేలిగ్గా పడవు చెడ్డ కబురు మోస్తే.

"బాగుంది. నీదీ బాగుంది, దానిదీ బాగుంది. అప్పుడప్పుడు తెచ్చి చూపిస్తూ ఉండు."

ఓబులక్క పెట్టిన కేకకు వార్డులో ఉన్న పిల్లలంతా ఉలిక్కిపడినారు. నా బిడ్డ ఇంక ఆగలేదు. ముఖమంతా ఎర్రగా చేసుకొని, పిడికిళ్ళు బిగించి, పైకప్పు ఎగిరిపోయేట్టు అందుకుంది. పాలిచ్చినా ఊరుకోలే, ఊపినా ఊరుకోలే.

పక్క మంచం ఆమె ఇటు తిరిగింది. వచ్చినప్పటి నుంచి నా ముఖం చూడనిది, లేచి కూర్చొని, అందరి తల్లుల మాదిరే విసుక్కొని అరిచింది.

"ఏమ్మా, నీ బిడ్డ నోరు కాస్త మూయించు! మావాడు ఇప్పుడే కళ్ళు మూసినాడు. తల్లివేనా నువ్వు?"

ఓబులక్క చీరకుచ్చెళ్ళు దోపుకొని లేచింది. నేను దాని చెయ్యి పట్టి లాగినాను.

"ఉండు అక్కా. ఏమీ అనొద్దు. ఇంకొంచెం తిట్టనీ."